భూతద్దము పట్టిన చేయి



మన పల్లెలలో ఒక మాట కలదు. ఎవడైనను పొరుగువాని తప్పులను పనిగట్టుకొని యేరుచుండిన యెడల, వాడు భూతద్దము పెట్టి వెదకుచున్నాడని అందుము. ఆ మాటలో మెచ్చుకోలు లేదు. గోరంతలు కొండంతలు చేయువాడని దాని భావము. అయితే ఆ చిన్న యద్దమును కంటికి పెట్టుకొని ప్రొద్దుటినుండి ప్రొద్దుగ్రుంకువరకు కూర్చుండువారు లోకములో కొందరున్నారు. గడియారములు బాగుచేయువారు, నగలను రాళ్లను పరీక్షించువారు. పరుల వస్తువులలో తప్పులు వెదకుటయే వారి జీవనము. అయినను వారిని మనము నిందింపము. పైగా వారికి కూలి యిచ్చి వెదకించుకొందుము. వారు తప్పును కనుగొని చెప్పినప్పుడు దండము పెట్టి యింటికి వచ్చెదము.

అద్దము ఒక్కటే. ఒకచోట అది నింద, మరియొకచోట ఉపకారము. ఈ భేదము ఎక్కడనుండి వచ్చినది? దీనిని గూర్చి నేను పెద్దగా ఆలోచించినవాడను కాను. ఆలోచింపవలసిన అవసరము నా తప్పువలననే కలిగినది గనుక, మొదట ఆ తప్పును చెప్పుకొనుట న్యాయము.

కొన్ని ఏండ్ల క్రిందట మా సంఘములో కోతపండుగ లెక్కలు చూచు బాధ్యత నామీద పడెను. అప్పటి కోశాధికారి ఒక వృద్ధుడు, బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసికొన్నవాడు. ఊరంతయు ఆయనను మాస్టారు అనియే పిలుచును. పుస్తకము తిరుగవేయుచుండగా, వేలము పద్దులలో ఒక కోడిపుంజు దగ్గర నా కన్ను ఆగెను. 1,100 రూపాయలని వ్రాసియున్నది గాని, ఆ రెండవ ఒకటి తలదగ్గర కాగితము గరుకుగా నున్నట్లు తోచెను. కళ్లజోడు చాలక, సన్న అక్షరములు చదువుకొనుటకు ఇంటిలో నుంచుకొన్న భూతద్దము తెచ్చి చూచితిని. ఏడు అంకెను బ్లేడుతో గీకి ఒకటిగా దిద్దిన గుర్తు తేటగా కనబడెను. అనగా 1,700 రూపాయలు 1,100 అయినవి.

ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత కమిటీ కూర్చుండెను. బయట అరుగుమీద మరికొందరు ఉండిరి. నేను పుస్తకమును బల్లమీద విప్పి, అద్దమును ఆ అంకెపై నుంచి, ఒక్కొక్కరిని పిలిచి చూపితిని. ఎవరు చూచినను ఆ గీకుడు కనబడుచునే యున్నది. చివరకు మాస్టారిని కూడ వచ్చి చూడుమంటిని. ఆయన చూడలేదు. జేబులోనుండి పెట్టె తాళపుచెవి తీసి బల్లమీద పెట్టి, కండువా దులుపుకొని లేచి వెళ్లిపోయెను. మరుసటి ఆదివారము గుడికి రాలేదు. ఆ పై ఆదివారమును రాలేదు.

నూర్పిళ్లయిన తరువాత ఒక సాయంకాలము, కూలి చేసికొని బ్రతుకు విధవరాలొకామె మా గుమ్మము ముందు నిలువబడి, కొంగుముడి విప్పి ఆరువందలు నా చేతిలో పెట్టెను.

"పండగనాడు మా పిల్లోడు ఎగిరిపడి పుంజుకి పాట పెంచేశాడయ్యా. అంత డబ్బు నా దగ్గరేది? మాస్టారు పదకొండు వందలే కట్టించుకున్నారు. బాకీదార్ల పేర్లు చదివేటప్పుడు నీ పేరు రానియ్యనులే అమ్మా, మెల్లగా ఇద్దువుగాని అన్నారు. ఇప్పుడు పెట్టె ఆయన చూడటంలేదంటగా. అందుకని మీకిస్తున్నా" అనెను.

చదువరీ, నా యద్దము అబద్ధమాడలేదు. గీకినమాట నిజము. మాస్టారు చేసినది మంచి పద్ధతియు కాదు. సంఘపు సొమ్ము వ్రాసిన పుస్తకములో దాపరికముండరాదు. ఆమె ఇబ్బందిని కమిటీతో చెప్పి గడువు అడిగియుండవలెను. ఇది నేను అప్పుడన్నాను, ఇప్పుడును అందును. అయితే నేను గీకుడును చూచితినేగాని గీకిన మనిషిని ఒక్కమాట అడుగలేదు. ఆయన తన్ను తాను కాపాడుకొనవలెనన్న, అందరి యెదుట ఆమె పేరు చెప్పుట తప్ప వేరు మార్గము లేకుండెను. ఆయన చెప్పలేదు.

ఇంత తెలిసిన తరువాతనైనను నేను ఆయన యింటికి వెళ్లితినా? వెళ్లలేదు. ఆరువందలు పెట్టెలో వేసి, రసీదు వ్రాసి, ఊరకుంటిని. మొదటి తప్పు తొందరలో చేసినది. ఈ రెండవది నిదానముగా, ప్రతిదినము, ఏడెనిమిది నెలలు చేసినది.

ఇట్లుండగా మా నాయన ధరించిన చేతి గడియారము ఆగిపోయెను. అది రోజూ ఉదయము తల త్రిప్పి కీ యియ్యవలసిన పాత రకము. బెంగుళూరులో హెచ్.ఎం.టి. వారు 1961లో జపాను దేశపు సిటిజన్ కంపెనీ సహకారముతో గడియారముల పని ఆరంభించిరి గదా, ఆ కాలపు సరకు. 2016లో ఆ సంస్థను మూసివేయుటకు ప్రభుత్వము నిర్ణయించినది. కాబట్టి క్రొత్త భాగములు దొరకవు, బాగుచేయువాడే దిక్కు. మా ప్రక్క పట్టణములో బస్టాండు ఎదుట ఒక ముసలి సాయిబుగారు కిటికీయంత దుకాణములో కూర్చుండి ఆ పని చేయుచుండును. గడియారము ఆయన చేతిలో పెట్టి, అద్దము పెట్టి చూడుమంటిని. ఆయన అద్దము ముట్టుకొనలేదు.

"ఎప్పుడాగిందండీ? ఒక్కసారిగా ఆగిందా, నాలుగురోజులు వెనక్కి నడిచి ఆగిందా? కింద పడిందా? నీళ్లు తగిలాయా? కీ ఇస్తుంటే చేతికి బిగువు తెలుస్తోందా?"

ఇన్ని అడిగి, నా జవాబులు విని, దానిని చెవిదగ్గర పెట్టుకొని మెల్లగా ఊపి చూచెను. ఆ తరువాతనే వెనుక మూత తీసి అద్దము అందుకొనెను. చిన్న నల్లని గిన్నెవంటిది, అడుగున అద్దము. కనుబొమ్మకును చెంపకును నడుమ దానిని ఇరికించుకొని కండరములతోనే పట్టి యుంచిరి. చేతులు రెండును పనికి ఖాళీ. కొందరు దానికి తీగ కట్టి తలచుట్టు పెట్టుకొందురు. కంటి చెమటకు అద్దము మసకబారకుండుటకై ప్రక్కన చిన్న రంధ్రములు కూడ ఉండును. ఇది మరీ ఎక్కువగా పెద్దదిచేసి చూపదు. మూడు రెట్లు, నాలుగు రెట్లు, మహా అయితే అయిదు. అంతకు మించిన యెడల అద్దమునకును వస్తువునకును మధ్య పనిముట్టు పోవుటకు చోటు చాలదని ఆయన చెప్పెను. మూడు రెట్ల అద్దమైతే మూడంగుళములకు పైగా ఎడముండును. ఆ ఎడములోనే బాగుచేయు పనియంతయు జరుగవలెను. మరీ దగ్గరగా చూచువాడు చూడగలడు గాని దిద్దలేడు!

తరువాత ఒక చిత్రమైన పని చేసిరి. చూచుచు చూచుచు, కంటిలోని గిన్నెను కొంచెము ఇటునటు త్రిప్పిరి. ఎందుకని అడిగితిని.

"నలుసేదో కనబడింది బాబూ. అద్దం తిప్పితే నలుసు కూడా తిరిగిందనుకోండి, అది అద్దం మీదుంది. తిరక్కపోతే మెషినులో ఉంది. ముందు ఇది తేల్చుకోకుండా పట్టుకారు పెడితే, మంచి వాచీని మనమే పాడుచేస్తాం."

నలుసు యంత్రములోనే యుండెను. నూలుపోగు ముక్క, ఎట్లు చేరినదో, ఊగు చక్రమునకు చుట్టుకొన్నది. నన్నును చూడుమనిరి. మొదట నాకేమియు కనబడలేదు, నా కనురెప్పల నీడ తప్ప. ఊపిరి బిగబట్టి మరల చూడగా తలవెండ్రుకకంటె పలుచని చుట్ట స్ప్రింగును, ఎర్రని చుక్కలవంటి కెంపులును కనబడెను. అవి ఇరుసులు అరుగకుండుటకు పెట్టినవి. సాధారణముగా మంచి గడియారములో పదునేడుండును. అట్టి పాత గడియారములలో ఎక్కువభాగము సెకనుకు అయిదుమార్లు కొట్టుకొనును, అనగా గంటకు 18,000, దినమునకు 4,32,000. ఇంత పరుగు పరుగెత్తు చక్రమును ఒక నూలుపోగు నిలిపివేసినది. దానిని కొనకొసతో పట్టి తీసి, సూదిమొనంత నూనె పెట్టి మూతవేసిరి. ఎక్కువ నూనె పోసిననుకూడ ఆగునట. నూనె అనుదానిని మనము దయకు పోలికగా చెప్పుదుము గదా, అది కూడ అతిగా పనికిరాదని ఆయన మాట విన్నప్పుడు నాకు మాస్టారి బ్లేడు జ్ఞాపకము వచ్చెను. ఆ వెంటనే నా యద్దము జ్ఞాపకము వచ్చెను. నేను దానిని త్రిప్పి చూడలేదు.

మన ప్రభువు నలుసును దూలమును గూర్చి చెప్పిన మాటలు మత్తయి సువార్త 7వ అధ్యాయములో ఉన్నవి. వాటిని మనము సగమే జ్ఞాపకముంచుకొనుచున్నామని నాకు తోచుచున్నది. సహోదరుని కంటిలో నలుసును చూడవద్దు, నీ పని నీవు చూచుకొనుమని చెప్పి ఆయన ఊరకుండలేదు. మొదట దూలమును తీసివేసికొనుమని చెప్పి, అప్పుడు నలుసును తీయుటకు తేటగా చూతువని చెప్పెను. అనగా నలుసు అక్కడే యుండిపోవలెనని ఆయన కోరలేదు. కంటిలో నలుసు పడినవాని బాధ పల్లెవారికి చెప్పనక్కరలేదు. వడ్లు తూర్పారబట్టునాడు ఎవరో ఒకరు కొంగు తడిపి తీయవలసినదే. తీయువాడు దగ్గరకు వచ్చి, రెప్ప విప్పి, వెలుతురుకు త్రిప్పి చూడవలెను. చూడకుండ తీయుట ఎవరికిని సాధ్యము కాదు. కాబట్టి దగ్గరగా చూచుట పాపము కాదు. అయితే నలుసున్న కన్నును పదిమందికి చూపించి, ఇదిగో నలుసు, ఇదిగో నలుసు అని చెప్పి పంపివేయువాడు తీయువాడు కాడు. నేను ఆ దినమున చేసినది అదియే.

రాళ్ల వర్తకుల అద్దమును గూర్చియు చెప్పవలెను, ఏలయనగా అక్కడ సంగతి వేరు. గడియారమువాడు బాగుచేయుటకు చూచును. రాళ్లవాడు విలువ కట్టుటకు చూచును. అతని యద్దమును లూపు అందురు. మడచి జేబులో వేసికొనదగినది, అద్దము బొటనవ్రేలి గోరంత యుండును. పది రెట్లు పెద్దదిగా చూపును. కన్ను శ్రమలేక చూడగలిగిన దూరము 25 సెంటీమీటర్లని లెక్కకట్టుదురు గనుక, పది రెట్ల అద్దమును రాతికి రెండున్నర సెంటీమీటర్ల దగ్గర, అనగా అంగుళము ఎడములో పట్టవలెను. క్రొత్తవారు అద్దమును రాతిమీద పెట్టి తాము దూరమునుండి తొంగిచూతురు. నేర్పరులు అద్దమును తమ కంటికే ఆనించి, రాతిని అద్దము దగ్గరకు తెచ్చుకొందురు, రెండవ కన్నును మూయరు. మంచి లూపులో ఉండునది ఒక అద్దము కాదు, మూడద్దములు కలిపి అతికించినది. ఒక్క అద్దమే యైనయెడల అంచులవెంట లేని రంగులు చూపును, తిన్నని గీతను వంకరగా చూపును. ఒకదాని వంకరను మరియొకటి దిద్దునట్లు మూడును కలిసి నిజము చెప్పును. ఒక్కని సాక్ష్యముమీద ఎవనిని దోషిగా నిర్ణయింపరాదనియు, ఇద్దరు ముగ్గురుండవలెననియు మోషే ధర్మశాస్త్రములో ఉన్నది. ఆ దినమున ఆ గదిలో మేము ఆరుగురముంటిమి గాని, ఆరు కన్నులును ఒకే యద్దములోనుండి చూచినవి.

వజ్రములలోని దోషములకు మనవారు పూర్వమే పేర్లు పెట్టిరి: బిందువు, రేఖ, కాకిపాదము. నేటి వ్యాపారములో నియమమేమనగా, తగిన వెలుతురులో పది రెట్ల అద్దముతో చూచినప్పుడు నేర్పరియైనవానికి ఏ దోషమును కనబడనియెడల ఆ వజ్రమును నిర్దోషమైనదిగా అంగీకరింతురు. అమెరికాలో 1931లో స్థాపింపబడిన జి.ఐ.ఏ. అను రత్నశాస్త్ర సంస్థ 1953లో ఏర్పరచిన తరగతులకు ఈ పది రెట్లే కొలబద్ద. అదే రాతిని నలువది రెట్ల సూక్ష్మదర్శినిక్రింద పెట్టిన యెడల ఏదో ఒక చుక్క బయటపడవచ్చును. మరి అది నిర్దోషమైనదని చెప్పుట మోసము కాదా? ఇది నన్ను కొంతకాలము వేధించిన ప్రశ్న. మోసము కాదని ఇప్పుడు అనుకొనుచున్నాను. ఎంతవరకు చూడవలెనో, ఎక్కడ ఆగవలెనో ముందుగానే నిర్ణయించుకొన్నారు. ఆ నిర్ణయము అమ్మువానికిని తెలుసు, కొనువానికిని తెలుసు. రాజుగారి రాతికిని, బీదవాని రాతికిని పది రెట్లే. మనిషి కన్నుకు ఎక్కడో ఒకచోట హద్దు ఉండకతప్పదు. ఆ హద్దు అందరికి ఒక్కటైనప్పుడు అది న్యాయమగును.

మనము తీర్పు తీర్చునప్పుడు చేయు అన్యాయము చాలమట్టుకు ఇక్కడనే యున్నది. మన బంధువుల తప్పును మామూలు కంటితో చూతుము, అదియు అరకన్ను మూసికొని. మనకు సరిపడనివాని తప్పుకు నలువది రెట్ల అద్దము తెత్తుము. ఆ యేడు కోతపండుగ పుస్తకములో పద్దులు ఎన్నో యుండెను. అన్నిటిమీద నేను అద్దము పెట్టితినా అని నన్ను నేనే అడిగికొంటిని. ఆ సంవత్సరము మొదటిలో గుడి సున్నము పని విషయమున మాస్టారు నా మాటకు అడ్డు చెప్పియుండెను. ఆ సంగతికిని ఈ అద్దమునకును సంబంధము లేదని నేను ప్రమాణము చేయజాలను.

రాళ్లను పరీక్షించువారు చెప్పు సంగతులు మరి రెండున్నవి. మొదటిది, సానపట్టిన రాతిలో లోపలి చుక్క ఒక్కటే యైనను, అది ఉన్న స్థానమునుబట్టి చుట్టునున్న ముఖములన్నిటిలో ప్రతిబింబించి, ఆరు చుక్కలుగా ఎనిమిది చుక్కలుగా కనబడును. ఎరుగనివాడు ఎనిమిది దోషములని వ్రాయును. ఊరిలో ఒకని తప్పు ఎనిమిది నోళ్లలోపడి ఎనిమిది తప్పులగుట మనము చూచుచునే యున్నాము. మాస్టారు 600 గీకెనని నేను చూపిన మాట, నెల తిరుగకముందే, మాస్టారు ఎన్నియేండ్లనుండి తినుచున్నాడో అని నా చెవికే తిరిగి వచ్చెను.

రెండవది నన్ను మరింత ఆశ్చర్యపరచినది. ఫ్రాన్సు దేశస్థుడైన వెర్నూయి అనునతడు 1902లో, మంటలో పొడిని కరిగించి కెంపు చేయు విధమును ప్రకటించెను. ఆ కెంపు రంగులో నేలలో పుట్టిన కెంపును పోలియుండును. గడియారములలో పెట్టునవి కూడ అట్లు చేసినవే. అవి నమ్మకముగా పనిచేయును, వాటిని తక్కువచేయుట న్యాయము కాదు. అయితే చేసినదానిని నేలలో పుట్టినదని అమ్మినప్పుడు తగవు వచ్చును. అప్పుడు అద్దముపెట్టి చూతురు. నేలలో పుట్టినదానిలో సన్నని సూదులవంటి గీతలు, చిన్న స్ఫటికపు ముక్కలు తరచుగా నుండును. మంటలో చేసినదానిలో వంపుగీతలు, గాలిబుడగలు కనబడవచ్చును. ఏ మచ్చయు లేని పెద్ద కెంపును చౌకగా చూపిన యెడల వర్తకుడు సంతోషించుటకు ముందు అనుమానించును. లోపలి మచ్చయే ఆ రాయి భూగర్భములో వేడిని ఒత్తిడిని అనుభవించినదనుటకు సాక్ష్యము.

ఇంతవరకు చదివి, అయ్యా, అయితే తప్పులను చూడకుండ పోనిమ్మందువా అని మీరు అడుగవచ్చును. అట్లు చెప్పుటకు నాకు ధైర్యము లేదు. ఎందుకో చెప్పెదను. మన తెలుగుదేశములోనే కృష్ణా తీరమున కొల్లూరు గని యుండెను. ఫ్రెంచి వర్తకుడైన టావెర్నియే 17వ శతాబ్దములో గోలకొండ రాజ్యమునకు వచ్చి, గనులను చూచి, 1676లో తన ప్రయాణముల పుస్తకము అచ్చువేయించెను. వర్తకుల పిల్లలు, పది మొదలు పదునారేండ్లవారు, చెట్టుక్రింద తూనికరాళ్ల సంచులతో కూర్చుండి వజ్రములు కొనుట చూచెనట. అమ్మవచ్చినవాడు రాతిని పెద్దపిల్లవాని చేతికిచ్చును. అది చేతినుండి చేతికి పోయి మరల మొదటివానికి చేరువరకు ఒక్కడును నోరు విప్పడు. అందరు చూచిన తరువాతనే మాట. పెద్దలమైన మాకంటె ఆ పిల్లలే మేలు. అయితే అదే పుస్తకములో మరియొక సంగతి కూడ వ్రాసెను. సానపట్టువారు రాతిలో మచ్చగాని ఎర్రని నల్లని చుక్కగాని యున్నయెడల, అది కనబడకుండుటకై రాతినిండ చిన్నచిన్న ముఖములు కోయుదురట. చిన్న బీట యుండిన, ఒక ముఖపు అంచు సరిగా దానిమీదికి వచ్చునట్లు కోయుదురట. తళుకు ఎక్కువైన కొలది అనుమానము ఎక్కువ కావలెనన్నమాట!

సంఘములలోను ఈ సాన కలదు. ధనవంతుడు, పలుకుబడిగలవాడు తప్పు చేసినప్పుడు, దానిమీద ఎన్ని ముఖములు కోయుదుమో చూడుడు. అతడు గుడికి గంట యిచ్చెను, అతని తండ్రి గొప్ప విశ్వాసి, అల్లరి యైన పేరు పోవును, ప్రేమ దోషములను కప్పును. ఈ మాటలన్నియు బీదవాని తప్పుకు ఎందుకు జ్ఞాపకము రావు? అమ్మువానికి అద్దమునుండి కొనువానికి లేనప్పుడు మోసపోవువాడు ఎప్పుడును కొనువాడే. కాబట్టి బలవంతుని పుస్తకములమీద అద్దము పెట్టవద్దని నేను అనను. పెట్టవలెను. ముందుగా పెట్టవలెను.

సందర్భము వచ్చినది గనుక ఒక లోకసంబంధమైన సంగతి చెప్పి పోవుదును. మన దేశములో 2021 జూను నుండి విడతలుగా, జిల్లాలవారీగా, బంగారు నగలమీద హాల్‌మార్కు గుర్తు తప్పనిసరి చేసిరి. ఆ గుర్తులో మూడు భాగములుండును: బి.ఐ.ఎస్. చిహ్నము, బంగారపు స్వచ్ఛత, అక్షరములు అంకెలు కలిసిన ఆరింటి సంఖ్య. 22 క్యారెట్లదైన 916 అని యుండును. ఇవి మామూలు కంటికి చదువరానంత చిన్నవి. అందుచేత దుకాణదారుడు పది రెట్ల అద్దము ఉంచి, కొనువాడు అడిగినప్పుడు ఇయ్యవలెనని నియమము. బిడ్డ పెండ్లికి తాళిబొట్టు కొనబోవు తల్లులారా, ఆ అద్దము అడుగుడి. సిగ్గుపడకుడి. ఆరింటి సంఖ్యను బి.ఐ.ఎస్. కేర్ అను ఫోను యాప్‌లో కొట్టి చూచుకొనవచ్చును. చదువుకొన్న పిల్లలు చూపుదురు. అద్దము అడిగినందుకు మొగము ముడుచుకొను దుకాణమును విడిచి మరియొక దుకాణమునకు వెళ్లుడి.

లేవీయకాండము 13వ అధ్యాయమును మనము సాధారణముగా దాటి చదువుదుము. చర్మముమీది మచ్చలు, వెండ్రుకల రంగులు, విసుగు పుట్టునని. ఈ మధ్య దానిని నిదానముగా చదివితిని. యాజకుడు మచ్చను చూడవలెను. అది చర్మముకంటె లోతుగా నున్నదా, వెండ్రుకలు తెల్లబారినవా అని చూడవలెను. నిశ్చయము తెలియనప్పుడు ఏడు దినములు ఆగి మరల చూడవలెను. వ్యాపింపనియెడల మరి యేడు దినములు ఆగి మరల చూడవలెను. మచ్చ వాడిపోయినయెడల ఆ మనుష్యుని శుద్ధుడని చెప్పవలెను. ఎంత దగ్గరగా చూచుట, ఎంత నిదానము! చూచుటలో లోపము లేదు, నిర్ణయించుటలో తొందర లేదు. నేను శనివారము రాత్రి చూచి ఆదివారము మధ్యాహ్నమునకు తేల్చివేసితిని. తప్పు చేసిన సహోదరుని మొదట ఒంటరిగా కలిసికొని మాటలాడుమని ప్రభువు చెప్పిన మాటమీద మా గుడిలో ప్రసంగము చేసినవాడనును నేనే. ఆ ప్రసంగము బాగున్నదని మాస్టారే అప్పుడు చేయిపట్టుకొని చెప్పెను.

హాలెండులో డెల్ఫ్ట్ పట్టణమున లేవెన్‌హుక్ అను బట్టల వర్తకుడుండెను. 1632లో పుట్టి 1723లో చనిపోయెను. ఆయన సొంతముగా అద్దములు అరగదీసికొని, నీటిబొట్టులో అంతవరకు ఎవరును చూడని సూక్ష్మజీవులను చూచెను. ఆయన చేసిన పనులలో నాకు నచ్చినది వేరు. 1683లో ఆయన తన సొంత పంటి పాచిని గీకి ఆ అద్దముక్రింద పెట్టుకొనెను. రోజూ ఉప్పుతో పండ్లు తోముకొనువాడు, నోటి శుభ్రమునందు ఎక్కువ శ్రద్ధగలవాడు. అయినను జీవులు గుంపులుగా కదలుచుండెను. దానిని దాచక, లండనులోని రాయల్ సొసైటీకి ఉత్తరము వ్రాసి పంపెను.

నాకు ఆయనంత ధైర్యము లేకపోయినను, గడియారము తీసికొని బస్సు దిగిన సాయంకాలము ఇంటికి పోక, తిన్నగా మాస్టారి యింటికి పోతిని. ఆయన వాకిట మంచముమీద కూర్చుండి చేటలో వేరుసెనగకాయలు ఒలుచుచుండెను. నన్ను చూచి కొంచెము జరిగి చోటిచ్చెను. నేను మాట మొదలుపెట్టలేక గడియారము విప్పి చూపితిని. ఆయన చెవిదగ్గర పెట్టుకొని, "నడుస్తోందే! మీ నాన్నది కదూ తమ్ముడూ?" అనెను. అప్పుడు చెప్పితిని. ఆరువందల సంగతి, రసీదు సంగతి, సున్నము పని సంగతి కూడ చెప్పితిని. ఆయన కాయలు ఒలుచుట ఆపలేదు.

చాలసేపటికి, "గీకడం నా తప్పే తమ్ముడూ. ఆ పిల్ల పేరు బయటికి రాకూడదని ఆత్రపడ్డాను. నువ్వొక్కడివే వచ్చి అడిగుంటే చెప్పేవాణ్ణి" అనెను. అంతకు మించి ఏమియు అనలేదు. 

లోపలినుండి ఆయన భార్య టీ తెచ్చుచు, కంటికి శుక్లములు ముదురుచున్నవనియు, గ్రంథము చదువలేక మధ్యాహ్నములు ఊరక కూర్చుండుచున్నారనియు చెప్పెను. అప్పుడు నా సంచిలో భూతద్దము ఉండెను. దానిని తీయుటకు నా చేయి ఆడలేదు. ఆ యద్దమును ఆయన ఎదుట ఎట్లు పెట్టుదును? ఆయనయే నా మొగము చూచి, "ఏంటి, సంచిలో చెయ్యి పెట్టి ఆగిపోయావు?" అనెను. తీసి యిచ్చితిని. ఆయన దానిని అటునిటు త్రిప్పి చూచి, పంచెకొసతో తుడిచి, గూటిలోని పుస్తకము తెమ్మని మనుమరాలిని కేకవేసెను.

తాళపుచెవి ఆయన మరల తీసికొనలేదు. ఎంత అడిగినను ఒప్పుకొనలేదు. శుక్లముల ఆపరేషను అయినది. గుడికి వచ్చుచున్నారు, వెనుక వరుసలో కూర్చుండుచున్నారు. కోతపండుగ వేలములో పాట పాడి కట్టలేనివారికి మూడు నెలల గడువు ఇయ్యవలెననియు, వారి పేర్లు పైకి చదువరాదనియు కమిటీ తీర్మానము వ్రాసికొన్నది. అద్దము ఇంకను మాస్టారి యింటిలోనే యున్నది.